పిల్లల క్రిస్మస్‌కు లెక్క కట్టిన ఏడు వారాలు

జడ్చర్లకు దగ్గరలోని మా ఊరి సంఘంలో నేను పదకొండేళ్లుగా సండే స్కూల్ నడుపుతున్నాను. ప్రతి డిసెంబరులో పిల్లల కోసం సెమీ క్రిస్మస్, అంటే అసలు పండుగకు ముందే జరుపుకునే వేడుక, చేస్తూనే ఉన్నాము. కాని అది పిల్లల పండుగ కాలేదన్న సంగతి 2023లో, ఖాళీ అట్టపెట్టె చేతిలో పట్టుకుని నిలబడిన రాత్రి నాకు తెలిసివచ్చింది. ఆ రోజు కార్యక్రమం రాత్రి ఏడు గంటలకు మొదలైంది. వచ్చిన అతిథులకు శాలువాలు కప్పి, ఒక్కొక్కరితో రెండు మాటలు చెప్పించడం ముగిసేసరికి తొమ్మిదిన్నర దాటింది. అప్పటికే, రెక్కలు కట్టుకున్న దేవదూతలు టార్పాలిన్ మీద ఒకరి ఒడిలో ఒకరు తల పెట్టుకుని నిద్రపోయారు. అన్నం పది గంటలకు వడ్డించాము. చివరికి కానుకలు పంచితే తొమ్మిది తక్కువ పడ్డాయి. వరుసలో ఆఖరున ఉన్న రెండో తరగతి పాప రెండు చేతులూ చాచి, పెట్టెలోకి తొంగి చూసి, "రేపు ఇస్తరా అక్కా?" అని అడిగింది. మరునాడు జడ్చర్లకు పోయి కొనుక్కొచ్చి ఇచ్చాను. ఇచ్చినా, ఆ బిడ్డ ఆ రాత్రి ఉత్త చేతులతో ఇంటికి నడిచిపోవడం నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకే 2024లో నవంబరు 3, ఆదివారం ఆరాధన ముగియగానే ఒక కొత్త నోటుబుక్కు తెరిచి లెక్కతో మొదలుపెట్టాను. పండుగను డిసెంబరు 22, ఆదివారం చేసుకునేందుకు పాస్టరయ్యగారు ఒప్పుకున్నారు కాబట్టి, నా చేతిలో సరిగ్గా ఏడు వారాలు ఉన్నాయి. మా రిజిస్టరులో ఉన్న పేర్లు 46. కాని పండుగకు వచ్చే పిల్లలు రిజిస్టరు చూసి రారు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చే అక్కలుంటారు, స్నేహితుల వెంట వచ్చేవాళ్లుంటారు. పైగా మా పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లలో, పని కోసం ముంబయికో పుణెకో హైదరాబాదుకో వలస పోయినవాళ్ల పిల్లలు అవ్వ దగ్గర కొన్నాళ్లు, మేనత్త దగ్గర కొన్నాళ్లు పెరుగుతుంటారు గనుక, వాళ్లు ఏ లెక్కలోనూ నిలకడగా కనిపించరు. ఇంటర్ చదివే నలుగురు అమ్మాయిలను వెంటబెట్టుకుని గడప గడపకూ తిరిగి, పిల్లల పేరు, వయసు, ఎవరి దగ్గర ఉంటున్నారు, ఒంటికి పడని తిండి ఏమైనా ఉందా, చివరికి ఇంటికి ఎవరు తీసుకుపోతారు అన్నవి రాసుకున్నాము.

సంఘానికి చెందని ఇంటి బిడ్డను పిలవాలంటే ముందుగా ఆ ఇంటి పెద్దలను అడగాలన్నది నేను గట్టిగా పట్టుకున్న నియమం. నాటకం దేని గురించో, ఏమేం పెడతామో, ఎన్ని గంటలకు ముగుస్తుందో దాచకుండా చెప్పాను. రెండు ఇళ్లలో వద్దన్నారు. సరేనని, వాళ్లు ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చాను. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న తండాలో ఒక అవ్వ మాత్రం, "పొద్దు గూకకముందే మా పోరగాండ్లను మల్ల ఇంటికాడ ఇడుస్తనంటేనే తోలిస్త" అని ఖచ్చితంగా చెప్పింది. నవంబరు నెలాఖరుకు లెక్క 78 దగ్గర నిలిచింది.

ఆ అవ్వ మాటతో మా పండుగ వేళ తేలిపోయింది. డిసెంబరు మూడో వారంలో మా దగ్గర ఆరు కొట్టకముందే పొద్దు గూకుతుంది, ఆ వెంటనే చలి దిగుతుంది. ఒంటిగంటకు అన్నం, రెండింటికి ఆటలు, మూడింటికి నాటకం, నాలుగింటికి కేకూ కానుకలూ, నాలుగున్నరకు ఇంటిదారి అని కాగితం మీద రాసి సంఘపెద్దల ముందు పెట్టాను. అందరికంటే ఎక్కువగా బాధపడినవారు, చిన్నప్పుడు నాకు కంఠత వాక్యాలు నేర్పిన పెద్దయ్యగారు. "పగటిపూట పండుగేందమ్మా? చుక్క ఎలగాలె గదా" అన్నారు. మాది ఎంబీ సంఘం, అంటే మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సంఘం. పాలమూరులో ఈ సంఘాలు తాతముత్తాతల నాటివి. లాంతరు వెలుతురులో తాను గొల్లవాడి వేషం కట్టిన రాత్రిని పెద్దయ్య ఇప్పటికీ చెబుతుంటారు. ఆయన మాటలో న్యాయం ఉందని నాకు తెలుసు. అయినా నేను, "పెద్దయ్యా, 25న రాత్రి మన అందరి పండుగ ఉండనే ఉంది, ఆ రోజు ఎంతసేపైనా కూర్చుంటాను. ఈ ఒక్క పూట పిల్లలకు ఇవ్వండి" అని అడిగాను. మందిరం కిటికీలకు దుప్పట్లు కట్టి లోపల చీకటి చేస్తాము, చుక్కను మీరే తయారు చేయండి అని కూడా అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి ఆదివారం వెదురు బద్దలు చీల్చుకుని వచ్చి, మందిరం అరుగు మీద కూర్చుని, మైదా బంకతో పసుపుపచ్చ కాగితం అంటిస్తూ కనిపించారు. శాలువాలు 25వ తేదీకి మారాయి, ప్రసంగం పాస్టరయ్యగారిది ఒక్కటే, ఐదు నిమిషాలు.

డబ్బు సంగతి త్వరగానే తేలింది. మా ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, నెలకోసారి మందిరానికి తెస్తారు. ఆ పిడికెడు బియ్యంలో నుంచి పండుగకు 10 కిలోలు తీసుకున్నాము. బగారా అన్నం, 12 కిలోల కోడికూర, కోడికూర తినని పిల్లలకు ఆలుగడ్డ కూర అనుకున్నాము. మసాలా, కారం సగానికి తగ్గించమని వంటాయనకు రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే పెద్దల నోటికి వండిన కూరను చిన్నపిల్లలు నీళ్లలో కడుక్కుని తినడం నేను చూశాను. కేకు బాదేపల్లి బేకరీలో 5 కిలోలు చెప్పాము. అన్నిటికీ కలిపి 19,000 రూపాయలు దాటకుండా చూసుకున్నాము.

నాటకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది యేసు పుట్టుక కథ. ఏటా మరియ, యోసేపు, ముగ్గురు జ్ఞానులు, నలుగురు గొల్లలు, గబ్రియేలు అని పదిమందిని ఏరుకుని, మిగిలిన పిల్లలను చాప మీద కూర్చోబెట్టేవాళ్లము. ఈసారి వేషాలు పంచేముందు మత్తయి, లూకా సువార్తల్లో రెండేసి అధ్యాయాలు మళ్లీ నిదానంగా చదివాను. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అని కానుకలు మూడు ఉన్నాయి గనుక మనము ముగ్గురని అనుకుంటున్నాము. గొల్లలు ఎంతమందో లూకా చెప్పలేదు. దేవదూతలైతే ఒక పెద్ద సమూహమే. అంటే పిల్లలను బయట కూర్చోబెట్టిన లెక్క సువార్తది కాదు, మనదే. ఆరుగురు జ్ఞానులు, 14 మంది గొల్లలు, 25 మంది దేవదూతలు, మిగతా ముఖ్య వేషాలకు ఆరుగురు అని పంచాను. ఐదేళ్లలోపు 19 మందికీ దూది అంటించిన టోపీలు పెట్టి గొర్రెపిల్లలను చేశాను. వేషం కట్టనన్న ఎనిమిది మంది తెర లాగారు, చుక్కను తాడుతో నడిపారు, సాంబ్రాణి పొగ చూసుకున్నారు. నిప్పు దగ్గర మాత్రం ఒక పెద్దావిడ నీళ్ల బిందెతో నిలబడింది.

గొల్లల వేషానికి గొంగళ్లు కావాల్సి వచ్చి, ఊరి చివర ఉండే గొర్రెల తాత దగ్గరకు వెళ్లాను. ఆయన మా సంఘంవారు కాదు, ఆ కథ ఎన్నడూ వినలేదు. నేను చెప్పింది ఆసాంతం విని, "రాత్రిపూట పొలంల మంద పెట్టిండ్రా? అయితే ఎరువుకే" అన్నారు. మా దగ్గర కోతలయ్యాక రైతులు చేలల్లో మంద పెట్టించుకుంటారు. పెంటికల ఎరువు కోసం గొర్రెలను రాత్రంతా పొలంలోనే నిలుపుతారు, కాపరులు చుట్టూ పడుకుని తోడేళ్లకూ దొంగలకూ కాపలా కాస్తారు. పదకొండేళ్లుగా పిల్లలకు నేను చెబుతున్న వాక్యంలోని రాత్రి ఎలా ఉంటుందో నాకు ఆ పూట అర్థమైంది. తాత నాలుగు నల్లగొంగళ్లు ఇవ్వడమే కాక, రెండు ఆదివారాలు రిహార్సల్‌కు కూడా వచ్చారు. కట్టెను కత్తిలాగా భుజం మీద మోస్తున్న పిల్లవాణ్ణి ఆపి, "గొర్లు కాసేటోడు కట్టెను గట్ల మోయడు బిడ్డా. దానికి గదువ ఆనిచ్చి నిలవడ్తడు" అని నిలబడి చూపించారు. గొంగడిని తల మీద నుంచి ఎలా కప్పుకోవాలో, చలికి దాని అంచును మెడ దగ్గర ఎలా దోపుకోవాలో ఒక్కొక్కరికీ చూపించారు. దేవదూత కనబడగానే మా గొల్లలంతా మోకాళ్ల మీద పడేవాళ్లు. తాత ఒప్పుకోలేదు. "ముందుగాల మందను సూస్కుంటడు. గొర్లు బెదురుతయి గదా" అన్నారు. ఆ మాట ప్రకారం మా గొల్లలు వెలుగు కనబడగానే వెనక్కి తిరిగి చేతులు చాచి, దూది టోపీల గొర్రెపిల్లలను దగ్గరకు పొదువుకుని, అప్పుడు పైకి చూశారు. నాటకం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే.

పశువుల తొట్టికి నిజమైన వరిగడ్డి తెచ్చాము. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి నిజమైన గడ్డి, ఎద్దు, గాడిదతోనే ఈ దృశ్యాన్ని కట్టించాడని పిల్లలకు చెప్పినప్పుడు, "మరి మనకు గొర్రెపిల్ల?" అని అడిగారు. తాత సరేనన్నారు. పొత్తిగుడ్డలంటే ఏమిటో తెలియని పిల్లలకు, మరియ వేషం కట్టే అమ్మాయి తన అవ్వ పాత నూలు చీర చింపి తెచ్చి, చెల్లెలు పుట్టినప్పుడు అవ్వ చుట్టినట్టే బొమ్మను చుట్టి చూపింది.

కానుకల కోసం డిసెంబరు మొదటి వారంలో హైదరాబాదు పోయి, ఇమ్లిబన్ బస్టాండులో దిగి బేగంబజారులో టోకున కొన్నాను. 78కి 12 కలిపి 90. ప్రతి కానుకలో ఒక ఉన్ని టోపీ, రంగు పెన్సిళ్ల డబ్బా, ఒక పల్లిపట్టి పెట్టాము. నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది గనుక, వాళ్ల సంచుల్లో పల్లిపట్టికి బదులు మెత్తటి బిస్కెట్లు పెట్టి, ఆ సంచులకు ఎర్రదారం కట్టాము. బుడగలు అసలు పంచలేదు, పగిలిన ముక్కలను చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారని. 78 సంచుల మీద పేర్లు రాసి, 12 మాత్రం పేరు లేకుండా వేరే బుట్టలో ఉంచాను. క్రిస్మస్ తాత విషయంలో కూడా ఒక మార్పు చేశాను. ప్లాస్టిక్ ముఖం చూసి చిన్నవాళ్లు ఏడుస్తారు కాబట్టి, ట్రాక్టర్ నడిపే మా తమ్ముడు పిల్లల ఎదుటే కూర్చుని దూది గడ్డం అంటించుకున్నాడు. ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే పట్టణంలో నాలుగో శతాబ్దంలో నికొలస్ అనే బిషపు ఉండేవాడనీ, ఈ వేషం ఆయన జ్ఞాపకంగా వచ్చిందనీ గడ్డం అంటించుకుంటూనే చెప్పాడు. ఒక్కరూ భయపడలేదు.

22వ తేదీన, రాసుకున్న 78 మందిలో 74 మంది వచ్చారు. అన్నాలు సగంలో ఉండగా, ప్రహరీ అవతల తలలు కనిపించాయి. ఊరి బయటి ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, ఏడుగురు. మేము ఇల్లిల్లూ తిరిగినప్పుడు బట్టీ దాకా పోలేదు. అది నా తప్పు, ఇళ్లను లెక్కపెట్టాను గాని గుడిసెలను మరిచాను. తమ్ముడు ట్రాక్టర్ మీద వెళ్లి వాళ్ల తల్లులకు చెప్పి, సరేననిపించుకుని వచ్చేలోగా, వాళ్లను గేటు దగ్గర నీడలో కూర్చోబెట్టి, తరువాత ఆకులు వేసి వడ్డించాము. నాటకం మధ్యలో కరెంటు పోయింది. సాధన అంతా మైకు లేకుండానే చేయించాము గనుక పిల్లల గొంతులు గోడ దాకా వినిపించాయి. పెద్దయ్య తన చుక్కలోని బల్బు ఆరిపోగానే, జేబులోంచి టార్చిలైటు తీసి దాని మీదికి పట్టి, చివరి దాకా చెయ్యి దించలేదు. బట్టీ పిల్లల్లో పెద్దవాణ్ణి మా జ్ఞానుల్లో ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గొల్లల వరుసలో నిలబెట్టింది. అక్కడ మాటలేమీ లేవు కాబట్టి వాడికి ఇబ్బంది కలగలేదు. గొర్రెల తాత లేచి వెళ్లి, తన ఒంటి మీది గొంగడి తీసి వాడికి కప్పి, గదువ కింద కట్టె సరిచేశారు.

కానుకలు 81 మందికి అందాయి. ముందటేడు ఆఖరున నిలబడిన పాప ఇప్పుడు మూడో తరగతి. తన పేరున్న సంచి అందుకుని, పేరు సరిగ్గా రాశానో లేదో కూడబలుక్కుని చదివి చూసుకుంది. తండా పిల్లలు ట్రాక్టర్ దిగేసరికి ఐదున్నర, ఇంకా వెలుతురుంది. మరునాడు పొద్దున, జ్వరంతోనూ ఊరికి పోవడంతోనూ రాలేకపోయిన నలుగురి సంచులు వాళ్ల ఇళ్లలో ఇచ్చి, బట్టీకి పోయి పాలు తాగే ముగ్గురు పిల్లలకు కూడా టోపీలు తొడిగి, ఏడుగురి పేర్లు అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను. బట్టీ పని ఎండాకాలం దాకా ఉంటుందని, ఆ తరువాత వచ్చే ఏడు ఇక్కడికే వస్తామో లేదో చెప్పలేమని వాళ్ల తల్లుల్లో ఒకామె వచ్చీరాని తెలుగులో చెప్పింది. ఆ తరువాత గొంగళ్లు దులిపి, మడిచి, తాతకు ఇవ్వడానికి వెళ్లాను. ఆయన ఒక గొంగడిని విప్పి చూసి, అంచుకు పట్టిన దూది పోగు తీసేస్తూ, "మల్ల ఏడాది గొర్రెపిల్ల కావాలంటే నెల ముందుగాల చెప్పు బిడ్డా. మొన్న తెచ్చింది పెద్దదైంది, ఆ చిన్న పిల్ల ఎత్తలేకపోయింది" అన్నారు.