బూస్టర్ మీద బూస్టర్ పెట్టి నేను పడ్డ పాట్లు

నిన్న రాత్రే పని పూర్తయింది, కోపం చల్లారకముందే రాస్తున్నా. మాది విజయవాడ, మొగల్రాజపురం. డాబా మీద యాంటెన్నా బిగించడం, వైరు కిందికి లాగడం ఒక్క ఆదివారం పని, చెప్పుకోడానికేం లేదు. స్కానర్‌లో, అంటే రకరకాల ఫ్రీక్వెన్సీలు తిప్పి వినే రేడియోలో, నాకు కావాల్సింది 145.800 మెగాహెర్ట్జ్, అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోతున్నప్పుడు వ్యోమగాములు హామ్‌లతో (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లతో) మాట్లాడితే వినపడే చోటు.

మాట సన్నగా వస్తోందని గవర్నర్‌పేటలో ఓ షాపుకి వెళ్తే 20 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత) బూస్టర్, అంటే సిగ్నల్ పెంచే డబ్బా, ఇచ్చాడు. పెట్టగానే మీటరు గీతలు నిండా లేచాయి, పొంగిపోయా. తీరా వింటే ఎక్కడ తిప్పినా ఎఫ్ఎం పాటల ముక్కలు బరబరమనడమే. మళ్లీ వెళ్తే "సిగ్నల్ చాలట్లేదండీ, ఇంకోటి వేయండి" అన్నాడు. బుద్ధి లేక వేశా. మొత్తం హోరు! మూడోసారి వెళ్లేసరికి షాపు నిండా జనం, వాళ్ల ముందే "పాటలు వస్తున్నాయిగా సార్, ఇంకేం కావాలి, వినండి" అని నవ్వాడు, రిమోట్ కొనడానికొచ్చిన పిల్లాడు కూడా నవ్వాడు. వాపసు లేదని బిల్లు వెనకాల ఉందట. ఆ షాపు గుమ్మం ఇక తొక్కను.

దారి చూపించింది మా వీధి కేబుల్ కుర్రాడు. "అంకుల్, సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై. మా యాంప్లిఫయర్‌కి (అదీ బూస్టర్ లాంటిదే) దగ్గరున్న ఇళ్లలో టీవీ బొమ్మ చెడితే మేం సిగ్నల్ తగ్గిస్తాం గానీ పెంచం" అని రెండు బూస్టర్లూ పీకేసి, జేబులోంచి 6 డీబీ అటెన్యుయేటర్, అంటే సిగ్నల్ తగ్గించేది, తీసి బిగించాడు. వేలెడంత ముక్క. పాటలు మాయం.

అప్పుడు కూర్చుని లెక్క చూశా. నా 10 మీటర్ల ఆర్‌జీ-6 (టీవీ కేబుల్ రకం) వైరులో పోయేదే సుమారు 1 డీబీ, దానికి నేను పెట్టింది 20, అంటే వంద రెట్లు, రెండోదానితో పదివేల రెట్లు! ఊళ్లో ఎఫ్ఎం స్టేషన్లన్నీ స్కానర్ నెత్తిన కూర్చోక ఏం చేస్తాయి? మీకూ సిగ్నల్ ఎక్కువైందేమోనని అనుమానముంటే 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టి చూడండి. అసలు సిగ్నల్ 10 డీబీయే తగ్గుతుంది, సిగ్నల్ ఎక్కువై స్కానర్ లోపల పుట్టిన దొంగ సిగ్నల్ అంతకంటే చాలా ఎక్కువ పడిపోతుంది. వైరు మరీ పొడవైతే బూస్టర్ పెట్టుకోండి, కానీ పైన యాంటెన్నా దగ్గరే, దానికి ముందు ఎఫ్ఎం ఫిల్టర్‌తో (ఎఫ్ఎం స్టేషన్లని ఆపేది). కింద స్కానర్ పక్కన పెడితే వైరులో చేరిన గోలని కూడా పెంచుతుంది.

కుర్రాడు డబ్బులు తీసుకోలేదు, టీ తాగి వెళ్లాడు. రెండు బూస్టర్లూ బీరువా మీదున్నాయి, సగం ధరకైనా ఇచ్చేస్తా.