యాభై రెండు బెలూన్లు

2 సెప్టెంబరు 2020, బుధవారం
గుంటూరు

పగలంతా మామూలే. పాప ఆన్‌లైన్ క్లాసు మధ్యలో రెండుసార్లు నెట్ పోయింది. మధ్యాహ్నం ములక్కాడ పులుసు. సాయంత్రం చినుకులు పడితే మేడ మీద బట్టలు తీసుకొచ్చాను. రాత్రి చూసింది మాత్రం రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

అమెరికాలో, అరిజోనా ఎడారిలో పేజ్ అనే ఊరి దగ్గర, డేవిడ్ బ్లెయిన్ అనే అమెరికన్ ఇంద్రజాలికుడు హీలియం బెలూన్ల గుత్తి కింద వేలాడుతూ ఎగిరాడు. యూట్యూబ్‌లో లైవ్ వస్తుంటే అన్నం కంచాలతోనే కూర్చున్నాం. మొత్తం 52 బెలూన్లు. బుట్ట లేదు, కుర్చీ లేదు. పసిపిల్లాడు తిరనాళ్ళలో బెలూన్లు పట్టుకున్నట్టే ఉంది చూడ్డానికి. బెల్టులతో కట్టుకునే ఉంటాడని తెలిసినా నా అరచేతులకి చెమట పట్టింది. అతని కూతురు కింద నేల మీద నిలబడి ఉంది. మా పాప చూపంతా ఆ పిల్ల మీదే.

"ఆ అక్కకి భయం వెయ్యదా అమ్మా?"

ఏం చెప్పాలో తోచలేదు.

వేడిగాలి బెలూన్‌కైతే మంట పెంచి పైకి, తగ్గించి కిందికి రావచ్చు. దీనికా వీలు లేదు. పైకి పోవాలంటే వెంట తీసుకెళ్ళిన బరువులు కొంచెం కొంచెంగా జారవిడవాలి. దిగాలంటే బెలూన్లు వదిలెయ్యాలి, లేదా పగలగొట్టాలి. జారవిడిచిన బరువు మళ్ళీ చేతికి రాదు. ఎటు పోవాలన్నది గాలి ఇష్టం. 1982లో కాలిఫోర్నియాలో లారీ వాల్టర్స్ అనే ఆయన పెరటి కుర్చీకి వాతావరణ బెలూన్లు కట్టుకుని సుమారు 16,000 అడుగులు వెళ్ళాడు. బెలూన్లు పేల్చడానికి తీసుకెళ్ళిన తుపాకీ చేజారింది. చివరికి కరెంటు తీగల్లో చిక్కుకుని, ప్రాణాలతో దిగాడు. బ్లెయిన్ అలా కాదు, ముందే బెలూన్ పైలట్‌గా శిక్షణ తీసుకున్నాడు. అయినా గాల్లో ఉండగానే పారాచూట్ తగిలించుకుంటుంటే నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాను. 24,900 అడుగుల దాకా వెళ్ళి, బెలూన్లు వదిలేసి, పారాచూట్‌తో దిగాడు. అప్పటికి మా కంచాల్లో చేతులు ఎండిపోయాయి.

నాన్న అప్పుడు చెప్పారు. "ఆ హీలియం కథలో మన ఊరు కూడా ఉందమ్మా." 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడట. గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి పరిశీలించాడు. ఆ ఏడాదే సూర్యకాంతిలో గమనించిన ఒక పసుపు గీత, తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేలింది. అందుకే సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. భూమి మీద దాన్ని పట్టుకోవడానికి 1895 దాకా పట్టింది. ఇన్నేళ్ళు ఇక్కడే ఉంటూ ఈ సంగతి ఇవాళ వినడం నాకు బాధగా అనిపించింది, సంతోషంగానూ అనిపించింది.

"మరి నేను ఎగరాలంటే ఎన్ని కావాలి తాతయ్యా?"

పుట్టినరోజు బెలూన్ ఒకటి పద్నాలుగు గ్రాములు మోస్తుందనుకుని, పాప ఇరవై కిలోలకి నాన్న పలక మీద లెక్క వేశారు. దారాల బరువు కాకుండా దాదాపు 1,430.

"తాడు అమ్మే పట్టుకోవాలి," అంది పాప నిద్రమత్తులో.

రేపటి క్లాసుకి పలక కావాలి. లెక్క తుడవబుద్ధి కాక, అట్లాగే గోడకి ఆనించి వచ్చాను.