పెత్రమాసకు రెండు రోజుల ముందు, కోత బండి దగ్గర

నాలుగు రోజులుగా పట్టిన వాన ఈ తెల్లవారుజామున వెలిసింది. ఎల్లుండి పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య. ఆ సాయంత్రమే బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి, హనుమకొండలోని మా క్యాంపస్ మైదానంలో మోకాలెత్తు పెరిగిన గడ్డిని ఈ రెండు రోజుల్లోనే కోయించవలసి ఉంది. నాలుగెకరాల మైదానాన్ని చేతితో నెట్టే యంత్రంతో కోయాలంటే ఇద్దరికి మూడు రోజులు పడుతుంది. కూర్చుని నడిపే కోత బండి ఉంటే ఒక్కడు ఒక్క పూటలో ముగించగలడు. అయితే ఆ బండి జూన్ నుంచి స్టార్ట్ కావడానికి మొరాయిస్తూనే ఉంది.

తాళం తిప్పగానే స్టార్టర్ మోటార్ ఇంజిన్‌ను అర చుట్టు తిప్పి, ఎదురుగా ఏదో అడ్డం పెట్టినట్లు ఒక చోట ఆగిపోతుంది. తాళం వదిలి మళ్లీ తిప్పితే ఒక్కోసారి ఆ చోటు దాటుతుంది. దాటిందంటే వెంటనే అందుకుని, ఆ తరువాత రోజంతా ఏ లోపం లేకుండా పనిచేస్తుంది. ఈ ఒక్క విషయాన్ని నేను మొదటి వారంలోనే శ్రద్ధగా ఆలోచించి ఉండవలసింది. పెట్రోలు సరిగా అందకపోతేనో, స్పార్క్ బలహీనంగా ఉంటేనో ఇంజిన్ గిర్రున తిరుగుతుంది గాని అంటుకోదు. మా బండి బాధ అది కాదు, అసలు తిరగకపోవడమే దాని బాధ. అయినా నేను ట్యాంకులో వేసవి నుంచి నిలిచి ఉన్న పెట్రోలు తీసివేయించాను, కార్బురేటర్ గిన్నె విప్పి కడిగించాను, కొత్త స్పార్క్ ప్లగ్ వేయించాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి నిలవ ఉంచకూడదన్నది నిజమే, ఆ పని వృథా కాలేదు. కానీ ఈ జబ్బుకు ఆ మందు పనికిరాదు.

ఆ తరువాత నా అనుమానం బ్యాటరీ మీదకు మళ్లింది. దానికి కారణం మల్టీమీటర్. బండి నిలిచి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపే బ్యాటరీ, తాళం తిప్పి మోటార్ ఆగిపోయిన క్షణంలో 9 వోల్టుల కిందికి జారిపోయేది. అంత పడిపోతున్నదంటే బ్యాటరీలో సత్తువ లేదని నిశ్చయించుకుని జూలైలో కొత్తది కొనిపించాను. కొత్తది కూడా అలాగే పడిపోయింది. అప్పుడు స్టార్టర్ మోటార్ విప్పించి బ్రష్‌లు చూపించాను, ఎర్త్ కేబుల్ తుప్పు గీకించి బిగింపించాను. ఈ గందరగోళంలో ఎవరో సీటు కింది స్విచ్ వైర్లను నేరుగా కలిపివేశారని గత వారమే గమనించాను. మనిషి సీటు మీద నుంచి లేచినా, పడినా ఇంజిన్‌ను ఆపివేసేది ఆ స్విచ్చే. కింద బ్లేడు తిరిగే బండిలో దానిని తప్పించడం ఎంత అవసరం వచ్చినా చేయకూడని పని. నిన్న సాయంత్రం ఆ వైర్లు విడదీసి, స్విచ్‌ను యథాస్థానంలో కలిపాను.

ఈ ఉదయం, ఎనుమాముల మార్కెట్ దారిలో పవర్ స్ప్రేయర్లు, టిల్లర్లు బాగుచేసే పెద్ద మేస్త్రికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఓపికగా విని, "సార్, ముందుగాల ప్లగ్గు ఇప్పి తాళం తిప్పుండ్రి. రయ్యిన తిరిగిందంటే ఇగ బ్యాటరీ జోలికి పోకుండ్రి. నేను పది గంటలకు వస్త" అన్నారు.

ప్లగ్ విప్పి, దాని వైర్‌ను రంధ్రానికి దూరంగా తెచ్చి ఇంజిన్ బాడీకి ఆనించి తాళం తిప్పాను. ఇంజిన్ ఏ అడ్డూ లేకుండా తిరిగింది. మీటర్ 11 వోల్టుల కిందికి రాలేదు. మూడు నెలలుగా నేను తలకిందులుగా చదువుకున్న లెక్క అక్కడ తేలిపోయింది. వోల్టేజీ పడిపోవడం వల్ల మోటార్ ఆగడం లేదు. మోటార్ ఆగిపోవడం వల్లనే, ఆగిన మోటార్ తిరిగే మోటార్ కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక, వోల్టేజీ పడిపోతున్నది. ఆపుతున్నది సిలిండర్‌లోని ఒత్తిడి.

మేస్త్రి వచ్చాక వివరించిన సంగతి ఇది. మా బండిది ఒకే సిలిండర్ ఉన్న 500 సీసీ ఇంజిన్. అంత పెద్ద సిలిండర్‌లోని గాలిని పూర్తిగా నొక్కుతూ తిప్పడం ఇంత చిన్న స్టార్టర్ వల్ల కాదు. అందుకే వాల్వ్‌లను తెరిచే క్యామ్ షాఫ్ట్ అనే కడ్డీ మీద ఒక చిన్న బరువు, దానికి ఒక చిన్న ఉబ్బు అమర్చి ఉంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఉబ్బు, పిస్టన్ పైకి వచ్చే సమయంలో పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్‌ను వెంట్రుకవాసి ఎత్తి కొంత ఒత్తిడిని బయటికి వదులుతుంది; ఇంజిన్ అందుకుని వేగం పెరగగానే బరువు బయటికి విసరుకుని ఉబ్బు తప్పుకుంటుంది. ఆ ఎత్తు చాలా స్వల్పం. వాల్వ్‌కూ, దానిని నొక్కి తెరిచే రాకర్ ఆర్మ్‌కూ మధ్య ఉండవలసిన సందు, ఏళ్ల వాడకంలో పెరిగిపోతే, ఆ ఎత్తు మొత్తం సందులోనే ఖర్చయిపోయి వాల్వ్ కదలదు. ఒత్తిడి పూర్తిగా నిలిచి, స్టార్టర్ ప్రతిసారీ అదే చోట ఓడిపోతుంది.

వాల్వ్ కవర్ నాలుగు బోల్టులు విప్పి, ఇంజిన్ చల్లగా ఉండగానే కొలత మొదలుపెట్టాము. ప్లగ్ రంధ్రంలో సన్నని ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, పైనున్న ఫ్లైవీల్‌ను చేతితో తిప్పుతూ, కంప్రెషన్ వేళ, అంటే గాలి నొక్కుకునే వేళ, పిస్టన్ అన్నిటికంటే పైకి వచ్చిన చోటు పట్టుకున్నాము. మేస్త్రి అక్కడ ఆగనివ్వలేదు. పిస్టన్ ఇంకా పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్లు కిందికి దిగాక కొలవాలన్నారు. లేకపోతే ఆ ఉబ్బు ఇంకా వాల్వ్‌ను తాకుతూ ఉండి కొలత తప్పుతుందట. నేను ఒంటరిగా చేసి ఉంటే ఈ ఒక్క దగ్గర తప్పకుండా పొరపడి ఉండేవాడిని.

మా ఇంజిన్ పుస్తకంలో, గాలిని లోపలికి తీసుకునే ఇన్‌టేక్ వాల్వ్‌కు 0.08 నుంచి 0.13, ఎగ్జాస్ట్‌కు 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్ల సందు ఉండాలని ఉంది. ఎగ్జాస్ట్ దగ్గర సందు కొలిచే 0.35 మందం ఫీలర్ రేకు ఏ పట్టూ లేకుండా జారిపోయింది. ఇన్‌టేక్ కొంత నయం, 0.20 దగ్గర పట్టింది. లాక్ నట్ వదులు చేసి, రేకు లాగితే కొద్దిగా పట్టు తగిలేలా ఇన్‌టేక్‌ను 0.10కు, ఎగ్జాస్ట్‌ను 0.15కు తెచ్చాము. నట్ బిగించేటప్పుడు సందు మళ్లీ మారుతుంది కనుక రెండింటినీ మూడేసి సార్లు కొలిచాము. ఆ తరువాత ఫ్లైవీల్‌ను నెమ్మదిగా తిప్పుతూ మేస్త్రి నన్ను వంగి చూడమన్నారు. కంప్రెషన్ వేళ, ఇన్‌టేక్ మూసుకున్న కొద్దిసేపటికి, ఎగ్జాస్ట్ వాల్వ్ ఒక్క రెప్పపాటు దిగి మళ్లీ లేచింది. ఇంతకాలం జరగకుండా పోయినది ఆ చిన్న కదలికే. దానిని నేను నాలుగైదు సార్లు తిప్పి తిప్పి చూశాను.

కవర్‌కు కొత్త గ్యాస్కెట్ వేసి, ప్లగ్ బిగించి, చోక్ లాగి తాళం తిప్పేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఇంజిన్ ఎక్కడా తడబడకుండా తిరిగి అందుకుంది. "గిప్పుడు సక్కగున్నది" అని మేస్త్రి చేతులు తుడుచుకున్నారు. ఆయన అడిగిన మజూరీ, నేను అనవసరంగా కొనిపించిన బ్యాటరీ ధరలో నాలుగో వంతు కూడా లేదు.

ఎండకు గడ్డి ఆరిన తరువాత, మూడు గంటల నుంచి కోత నడిచింది. తూర్పు గోడ వెంట పది అడుగుల పట్టీని మాత్రం నేనే కోయకుండా వదిలేయించాను. అక్కడ గునుగు విరగబూసి ఉంది. వాచ్‌మన్ ఇంటి ఆడపిల్లలు రేపు పొద్దున్నే వచ్చి కోసుకుంటామన్నారు. తంగేడు కోసం వాళ్లు ఎలాగూ ఊరి బయటికి వెళ్లాలి, గునుగైనా దగ్గరలో దొరకనీ అనుకున్నాను.

బండిని షెడ్డులో పెట్టి, రెండు గంటలు చల్లారనిచ్చి, రాత్రి ఎనిమిదికి మరొకసారి తాళం తిప్పి చూశాను. మొదటి తిప్పుకే అందుకుంది. ఈ రోజు తేదీ, గంటల మీటర్ అంకె, రెండు వాల్వ్‌ల కొలతలు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు అతికించాను.