సేకరించినవారి పేరు

మన కాలేజీ బ్యాచ్ సంచికకి ఏదైనా రాసివ్వమని మన గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది క్లాసురూము కాదు, మేడ కింద ఆ చివర ఉండే బాటనీ ల్యాబు. తలుపు తీయగానే ఫార్మలిన్ వాసన, దాని వెనకాలే తడి ఆకుల వాసన. 1992లో బీజెడ్‌సీలో, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీలో, చేరి 1995లో బయటికొచ్చిన మనకి ఆ వాసనతో పాటు గుర్తొచ్చే మనిషి ఒకరున్నారు. రిజిస్టర్లో ఆయన హోదా అటెండరు. మనందరికీ బాబాయ్. పేరు ఇక్కడ రాయట్లేదు, పుస్తకాల్లో పేరు వేయించుకోవడం ఆయనకి ఇష్టం లేదని వాళ్లమ్మాయి చెప్పింది కాబట్టి బాబాయ్ అనే రాస్తాను.

ప్రాక్టికల్స్ ఉన్న రోజు ఆయన సైకిల్ క్యారియర్‌కి ఒక గోనెసంచి కట్టి ఉండేది. కాకినాడ చుట్టుపక్కల కాలవగట్లు, రైలుపట్టాల పక్క ఖాళీ జాగాలు, శ్మశానం గోడ, ఎక్కడ ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో ఆయనకి తెలుసు. మనం తొమ్మిదిన్నరకి వెళ్లేసరికి ఆ రోజుకి కావల్సిన కొమ్మలన్నీ బల్లల మీద తడిగుడ్డ కింద ఉండేవి. మేడమ్ గారు బోర్డు మీద లాటిన్ పేరు రాసేవారు, బాబాయ్ కొమ్మ చేతికిస్తూ తెలుగు పేరు చెప్పేవారు. తెలుగు మీడియంలో చదివి పల్లెటూరి నుంచి వచ్చిన నాకు మొదటి నెలంతా ఆ లాటిన్ పేర్లంటే గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి. అకిరాంథస్ ఆస్పెరా అని బోర్డు మీద చూసి ఇదేదో విదేశీ మొక్క అనుకున్నాను. "ఉత్తరేణమ్మా, మీ ఊళ్లో పళ్లు తోముకోరా?" అన్నారు బాబాయ్. తోముకుంటాం. మా మామ్మ రోజూ దాంతోనే తోముకునేది. ఆ పొడవాటి వెన్నుని తిరగేసి గౌనుకి అంటించుకుని ఆడుకున్నాం కూడా. ఆ రోజు నుంచి నాకు సబ్జెక్టు అంటే టెన్షన్ సగం తగ్గింది.

రెండో ఏడాదిలో అనుకుంటాను, వినాయక చవితి మర్నాడు ల్యాబుకి వెళ్తే బల్ల మీద పత్రి ఉంది. వాళ్ల వీధిలో పూజ అయ్యాక మిగిలిన పత్రి, కడిగి తెచ్చారు. సార్ అది చూసి అనుకున్న ప్రాక్టికల్ పక్కన పెట్టేసి ఈ ఇరవై ఒక్క ఆకుల్నీ కుటుంబాల వారీగా విడగొట్టమన్నారు. ఉమ్మెత్త, వాకుడు ఒక కుప్ప, సొలనేసి. తులసి, మరువం ఇంకో కుప్ప, లామియేసి. గన్నేరు ఒకటి, జిల్లేడు ఒకటి, రెండింటికీ పాలున్నాయి కదా ఒకే కుప్పలో వేద్దామని మనవాళ్లు గొడవపడ్డారు. అప్పుడే సార్ జిల్లేడు పువ్వు తీసుకుని డిసెక్టింగ్ మైక్రోస్కోపు కింద పెట్టారు.

అది నేను ఇప్పటికీ మా స్కూల్లో పిల్లలకి చూపిస్తాను. జిల్లేడు పువ్వు మధ్యలో కిరీటంలా ఉంటుంది కదా, దాని పైన ఐదు మూలల చప్పటి పీట, అది కీలాగ్రం. ఒక్కో మూల దగ్గర సూదిమొనంత నల్లటి చుక్క. ఆ చుక్క కింద సూది దూర్చి మెల్లగా పైకి లాగితే, చుక్కకి రెండు దారాలతో వేలాడుతూ రెండు పసుపు సంచులు బయటికొస్తాయి, కావడి బద్దకి రెండు కుండలు కట్టినట్టు. పుప్పొడి అంతా పొడిగా రాలకుండా ఆ రెండు సంచుల్లోనే ఉంటుంది. పువ్వు మీద వాలిన పురుగు కాలు ఆ సందులో ఇరుక్కుంటే, అది గుంజుకుని ఎగిరేటప్పుడు కావడి మొత్తం దాని కాలికి తగులుకుని ఇంకో పువ్వుకి చేరుతుంది. గన్నేరులో ఇది లేదు. అందుకే అప్పటి మన సిలబస్‌లో రెండూ వేరు కుటుంబాలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న జిల్లేడులో ఇంత ఏర్పాటు ఉందని ఆ రోజు తెలిసి నేను ఇంటికి వెళ్లేదాకా దారిలో ప్రతి జిల్లేడు చెట్టు దగ్గరా ఆగాను.

ఇక సెక్షన్లు, అంటే మైక్రోస్కోపు కింద చూడటానికి మొక్కని పలచటి పొరలుగా కోయడం. మొదటి ఆరు నెలలూ మనం కోసినవి సెక్షన్లు కావు, ముక్కలు. రికార్డులో అందంగా గీసినవి సగం గాలిబుడగలే, నల్లటి అంచుతో గుండ్రంగా కనబడితే కణాలనుకున్నాం. కోయడం నేర్పింది కూడా నిజానికి బాబాయే. మేడమ్ గారు ముప్ఫై మందిలో ఎంతమంది చేతులు పట్టుకుని చూపిస్తారు? ఆయన ట్రే పట్టుకుని వెనక నుంచి వెళ్తూ మన చేతుల్ని చూసేవారు. "రంపంలా కొయ్యకమ్మా, వెన్న తీసినట్టు ఒక్క లాగు లాగాలి." కాండాన్ని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిటారుగా పట్టుకోవాలి, బ్లేడు తడిగా ఉండాలి, మొక్కా తడిగా ఉండాలి, ఒంటి వైపుకి వాలుగా ఒక్క విసురులో లాగాలి. పదో పదిహేనో కోసి బ్రష్షుతో వాచ్‌గ్లాసు నీళ్లలో వేస్తే, మందంగా ఉన్నవి అడుక్కి పోతాయి, సాలీడు గూడంత పలచగా ఉన్నది ఒకటి పైన తేలుతుంది, కంటికి సరిగా కనబడదు కూడా. అదే మనకి కావాలి. ఆకులైతే చేత్తో పట్టుకుని కోయలేం కాబట్టి బెండు మధ్యలో పెట్టి కోసేవాళ్లం. పెళ్లిలో బాసికాలు కట్టే జీలుగు బెండే అది, చెరువుల్లో పెరుగుతుంది, అది కూడా ఆయనే తెచ్చి ఎండబెట్టి డబ్బాలో దాచేవారు. తర్వాత సఫ్రనిన్ అనే ఎర్ర రంగులో ఒక నిమిషం, కడుక్కోవడం, గ్లిజరిన్ చుక్క, కవర్‌స్లిప్ ఒక అంచు ముందు ఆనించి రెండో అంచుని సూది మీద నిదానంగా దింపడం. గబుక్కున వేశామా, బుడగలే.

ఉల్లివేళ్ల పని అందరికీ గుర్తుండే ఉంటుంది. సీసా మూతి మీద కూర్చోబెట్టిన ఉల్లిపాయలు, నీళ్లలోకి దిగిన తెల్లటి వేళ్లు. వేరు కొనని రంగులో వేడిచేసి, స్లైడు మీద పెట్టి, పైన బ్లాటింగు పేపరు వేసి బొటనవేలితో నొక్కాలి. కదిపితే పోయింది. నాకు మూడోసారి దొరికింది, ఒక కణంలో క్రోమోజోములు విడిపోయి రెండు వైపులకీ సాగుతూ ఉన్నాయి. ఉల్లికి పదహారు ఉంటాయని పుస్తకంలో చదువుకున్నాం, నేను లెక్కపెట్టలేకపోయాను కానీ ఉన్నాయి, నా కళ్ల ముందు ఉన్నాయి. పిలిస్తే క్లాసంతా వచ్చి ఒక్కొక్కరూ ఆ కంటిగొట్టంలోకి చూశారు. ఫిజియాలజీ ప్రయోగాలు నాకంతగా పట్టుబడలేదు, మబ్బు పట్టిన రోజున, మొక్క ఎంత నీరు లాగుతుందో కొలిచే పొటోమీటరులో బుడగ గంటసేపు చూసినా కదలకపోవడం తప్ప పెద్దగా గుర్తులేవు.

మూడో ఏడాది డిసెంబరులో కోరింగ వెళ్లాం. అంతమంది పడవెక్కితే మేడమ్ గారికి కంగారు, మనకి సంబరం. మడ అడవిలో దిగగానే మోకాలి దాకా బురద, బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వందల కొద్దీ వేళ్లు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి వేళ్లే పైకి వచ్చి గాలి పీలుస్తాయని పుస్తకంలో రెండు లైన్లు చదివాం, చెప్పులు చేత్తో పట్టుకుని వాటి మధ్య నడిస్తే ఆ రెండు లైన్లు జన్మలో మర్చిపోం. మడ ఆకుని నాలికకి ఆనించి చూడమన్నారు సార్, ఉప్పు! సముద్రపు నీళ్లలోంచి లాగిన ఉప్పుని ఆకు బయటికి చెమటలా వదిలేస్తోంది. ఉప్పుపొన్న చెట్టుకైతే గింజ కొమ్మ మీదుండగానే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతోంది, పడితే నేరుగా బురదలో గుచ్చుకోవడానికి. మన వాళ్లలో ఒకబ్బాయి మెరుస్తున్న ఆకులేవో తుంచబోతే బాబాయ్ చెయ్యి పట్టి ఆపేశారు. అది తిల్ల చెట్టు. పాలు కంట్లో పడితే కన్ను పోతుందని చిన్నప్పుడు పడవవాళ్లు చెప్పేవారట ఆయనకి. పుస్తకంలో కూడా అదే ఉందని సార్ తర్వాత చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక్కొక్కరం ముప్ఫై హెర్బేరియం షీట్లు పెట్టాలి. మొక్కని పాత పేపర్ల మధ్య నొక్కి, రోజూ పేపర్లు మార్చి, ఎండాక మందు నీళ్లలో ముంచి అట్ట మీద అంటించడం. ఆ మందు మెర్క్యురిక్ క్లోరైడు, పురుగు పట్టకుండా. మనల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు బాబాయ్, ముంచడం అంతా ఆయనే చేసేవారు, ఒట్టి చేతులతో. గ్లౌజులు లేవు, ఇవ్వాలని కూడా అప్పట్లో ఎవరికీ తోచలేదు. నేనిప్పుడు పిల్లలకి రసాయనాల జాగ్రత్తలు చెప్పేటప్పుడల్లా ఆ చేతులే కళ్ల ముందు కనబడి బాధేస్తుంది.

నాకు ఇరవై ఎనిమిది షీట్లు అయ్యాయి, ఇంకా రెండు కావాలి. శివరాత్రికి బాబాయ్ ఏలేశ్వరం దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి వస్తూ కొండ పక్క నుంచి ఒక కొమ్మ తెచ్చారు, పూత ఉంది, కిందటేడాది కాయ ఒకటి కూడా ఉంది, చెక్కలా ఎండి ఐదు పలకలుగా విచ్చుకుని. సోమిడ చెట్టమ్మా, జ్వరాలకి దీని బెరడు కషాయం కాచేవాళ్లం అన్నారు. నేను మొక్కల పేర్లు పట్టుకునే గాంబుల్ పుస్తకం తిరగేసి పేరు పట్టుకుని లేబుల్ రాశాను. సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. కుటుంబం, మీలియేసి. స్థలం, ఏలేశ్వరం ప్రాంతం. సేకరించినవారు, నా పేరు. అప్పటికి నేను ఏలేశ్వరం వెళ్లనే లేదు. ఆ గడిలో నా పేరు రాస్తున్నప్పుడు బాబాయ్ పక్కనే నిలబడి జిగురు కలుపుతున్నారు. నాకేమీ అనిపించలేదు. అందరం అలాగే రాశాం.

పదేళ్ల తర్వాత ఒక పాఠం కోసం విలియం రాక్స్‌బర్గ్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త గురించి చదివాను. మన సామర్లకోటలోనే ఆయన 1780ల్లో ఉండి తోట పెంచి, ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు, 1793లో కలకత్తా తోటకి వెళ్లాడు. ఆ బొమ్మలే 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 బొమ్మల పలకలతో లండన్‌లో అచ్చయ్యాయి, కోరమాండల్ తీరం మొక్కలు అని. అందులో మొక్కల తెలుగు పేర్లు తెలింగ పేర్లని రాసి ఉంటాయి. ఈ సోమిడ బెరడు జ్వరానికి పనిచేస్తుందని అక్కడ రాసినవాడు ఆయనే, ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేదని. తర్వాతి వాళ్లు ఆ ప్రజాతికి సోయ్మిడా అనే పేరే పెట్టారు, అది మన తెలుగు సోమిడ. అంటే నేను భయపడ్డ ఆ లాటిన్ పేర్లలో ఒకటి అచ్చంగా బాబాయ్ వాళ్ల ఊరి మాట. ఎవరో ఒకరు ఆ దొర పక్కన ఎండలో నడిచి, కొమ్మ వంచి, దీన్ని సోమిడ అంటారండీ అని చెబితేనే కదా అది లాటిన్‌లోకి వెళ్లింది. చదువుతూంటే నాకు నా లేబుల్ గుర్తొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోయిన ఏడాది సర్టిఫికెట్ పని మీద కాలేజీకి వెళ్లినప్పుడు డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడున్న మేడమ్ గారిని అడిగి బీరువా తీయించాను. మన షీట్లు ఉన్నాయి. దారపు కుట్లు కొన్ని ఊడాయి, అట్టలు పసుపెక్కాయి, సోమిడ మాత్రం ఆకులు రాలకుండా ఉంది. మేడమ్ గారి అనుమతితో, ఆవిడ ఎదురుగానే, నా పేరు మీద ఒక గీత గీసి కింద ఆయన పూర్తి పేరు రాశాను. ఇంటిపేరు రాద్దామంటే తెలియలేదు. మూడేళ్లు రోజూ బాబాయ్ అని పిలిచిన మనిషి ఇంటిపేరు కోసం ఆఫీసులో పాత రిజిస్టరు తీయించాల్సి వచ్చింది.

సాయంత్రం ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కాయ ఉందామ్మా, ఊడిపోయిందా?" అని అడిగారు. ఉంది బాబాయ్ అన్నాను.

ఆ బీరువాలో మన బ్యాచ్‌వి ఇంకా రెండు కట్టలున్నాయి. నా షీట్లలోనే ఇంకా పదకొండు ఆయన తెచ్చినవి, మీవి ఎన్నో మీకే తెలియాలి. జనవరిలో కలిసేటప్పుడు ఒక పూట ముందు రండి. మేడమ్ గారితో మాట్లాడాను, ల్యాబు తెరిచి ఉంచుతానన్నారు.