పెద్ద పడవ సరే, దోనె సంగతేమిటి?

ఒడ్డు మహా అయితే రెండు వందల గజాల దూరం. గులకరాళ్ళు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. అయినా ఆ రోజు అమ్మ వాషింగ్టన్ రాష్ట్రంలోని సూషియా దీవి మీద కాలు పెట్టలేకపోయింది. అమలాపురం నుంచి అమెరికా దాకా వచ్చిన మనిషి ఆ రెండు వందల గజాల దగ్గర ఆగిపోయింది. నాకు ఈ ప్రయాణంలో మిగిలినవన్నీ పక్కకు పోయి అదొక్కటే మనసులో ఉండిపోయింది.

అక్కా బావా సియాటిల్ దగ్గర ఉంటారు. బావకి గ్రాండ్ బ్యాంక్స్ అనే కంపెనీ చేసిన 36 అడుగుల పడవ ఉంది. పాతదే, ఒకటే డీజిల్ ఇంజను, గంటకు ఏడు నాటికల్ మైళ్ళకు, అంటే పదమూడు కిలోమీటర్లకు మించి పోదు. కానీ లోపల ముందొక పడకగది, వెనకొక పడకగది, స్టవ్వు, ఫ్రిజ్, వేడినీళ్ళు, అన్నీ ఉన్నాయి. అనకోర్టెస్ రేవులో ఎక్కగానే అమ్మ వంటగది అరలన్నీ తెరిచి చూసి, పచ్చడి సీసాలు దొర్లకుండా తువ్వాళ్ళు చుట్టి సర్దేసింది. ఆవిడకి పడవ కొత్త కాదు. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చేదాకా మావాళ్ళు కాకినాడ వెళ్ళాలంటే గౌతమి పాయ మీద పంటు (బల్లకట్టు) ఎక్కాల్సిందే. నన్ను చంకనేసుకుని, బియ్యం మూటలతో, సైకిళ్ళతో, మేకలతో కలిసి దాటిన రోజులు ఆవిడకి బాగా గుర్తు.

అనకోర్టెస్ నుంచి గీమస్ కాలువ, రొసారియో జలసంధి, ఆర్కస్ దీవి పక్కగా ఉత్తరానికి. ఆ దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ కాసింది, గాలి లేదు, అక్క పులిహోర పెట్టింది.

సూషియాకి ఫెర్రీ లేదు. సొంత పడవో, అద్దె పడవో ఉంటేనే. 1960లో ఆ చుట్టుపక్కల యాట్ (విహార పడవల) క్లబ్బులవాళ్ళు చందాలు వేసుకుని 25,000 డాలర్లకి దీవిలో చాలా భాగం కొని, పార్కుగా ఉంచమని రాష్ట్రానికి ఇచ్చేశారు. ఇళ్ళ స్థలాలు చేసి అమ్ముకోకుండా ఇచ్చారంటే నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది. ఆ దీవి పక్కనున్న ఎకో బే అనే చిన్న అఖాతంలో లంగరు వేసేసరికి మధ్యాహ్నం రెండు. ఇక్కణ్ణుంచి ఒడ్డుకి వెళ్ళాలంటే చిన్న పడవ కావాలి. ఇక్కడివాళ్ళు డింగీ అంటారు. అమ్మ మొదటి నిమిషం నుంచీ దోనె అనే అంది, నేనూ అలాగే అంటాను.

బావ దోనె తొమ్మిది అడుగుల పొడవున, గాలి నింపి వాడే పడవ. అడుగుభాగం కూడా గాలి పరుపే. పెద్ద పడవ వెనక, నీటి మట్టానికి కాస్త పైన చెక్క తిన్నె ఉంటుంది. ఆ తిన్నెకి రెండు కొక్కేలు బిగించి, దోనెని పక్కవాటుగా నిలబెట్టి, పెద్ద పడవ వెనక గోడకి పలకలా ఆనించి కట్టేస్తారు. విప్పి కిందికి వాలిస్తే రెండు నిమిషాల్లో నీళ్ళలో ఉంటుంది. మోటారు విడిగా రెయిలింగుకి వేలాడుతుంది. రెండున్నర హార్స్‌పవరుది, పధ్నాలుగు కిలోలు ఉంటుందేమో, ఒక మనిషి వంగి అందించేయగలడు. దీనికి వేరే రిజిస్ట్రేషన్ నంబరు కూడా అక్కర్లేదట. వాషింగ్టన్ రాష్ట్రంలో పది హార్స్‌పవర్ లోపు మోటారుతో ఒడ్డుకీ పడవకీ మధ్య మాత్రమే తిరిగే దోనెకి పెద్ద పడవ నంబరు రాసి చివర 1 చేరిస్తే చాలు. తల్లి ఇంటిపేరే పిల్లకీ అన్నమాట.

బావ దీన్ని ఊరికే కొనలేదు. దీనికి ముందు గట్టి అల్యూమినియం అడుగు, చుట్టూ గాలి గొట్టాలు ఉన్న పది అడుగుల పడవ ఉండేది. మోటారుతో కలిపి ఎనిమిది వేల డాలర్లయిందని చెబితే అమ్మ నోట మాట రాలేదు. దాన్ని వెనక గది కప్పు మీద పెట్టేవాడు. ఎక్కించడానికీ దించడానికీ స్తంభానికున్న అడ్డదూలం, కప్పీ, తాడు. గాలి లేనప్పుడు ఫరవాలేదు. కాస్త అల వచ్చిందా, నూరు కిలోల బరువు తాడుకి ఊగుతుంటే కింద నుంచుని ఆపాల్సింది అక్క. ఒకసారి మోచెయ్యి కమిలిపోయాక ఇక నేను పట్టుకోనని తేల్చి చెప్పేసింది. సరే, తాడు కట్టి వెనకాల లాక్కుపోదామని చూశాడు. ఆటుకి ఎదురుగా గాలి లేచిన రోజున రొసారియోలో అది తిరగబడి, మోటారు ఉప్పునీళ్ళు తాగింది. ఇంకోసారి లంగరు దగ్గర వెనక్కి నడుపుతుంటే కట్టిన తాడు వెళ్ళి ప్రొపెల్లరుకి చుట్టుకుంది. నీళ్ళు పది డిగ్రీలు. కత్తి పట్టుకుని ఆ చలిలో మునిగి కోసుకొచ్చాడు. అప్పట్నుంచి నీటి మీద తేలే తాడే వాడతాడు, అదీ వెనక్కి వేసే ముందు చేత్తో దగ్గరికి లాక్కుని.

అవన్నీ విన్నాక గాలి దోనె ఎందుకు కొన్నాడో నాకు అర్థమైంది. తేలిక, చవక, అక్క చేతికి పని లేదు. బావ దాన్ని మోయడానికి వీలుగా ఎంచుకున్నాడు. ఎక్కేవాళ్ళ సంగతి ఆలోచించలేదు.

అమ్మకి అరవై ఎనిమిది. రెండు మోకాళ్ళూ అరిగాయి. వెనక నిచ్చెన నాలుగు మెట్లూ నా భుజం పట్టుకుని ఎలాగో దిగింది. తిన్నె మీద నిలబడి దోనెలోకి కుడికాలు పెట్టింది. పెట్టినచోట పరుపు లోపలికి దిగింది, పక్క గొట్టం పైకి లేచింది, దోనె జానెడు దూరం జరిగింది. ఒక కాలు అందులో, ఒక కాలు తిన్నె మీద. నేను వెనక నుంచి నడుం పట్టుకుని లాగేశాను. ఆవిడ గుండె దడ నా చేతికి తెలిసింది.

"మెల్లిగా కూర్చుని జారండత్తయ్యగారూ," అన్నాడు బావ.

"కూర్చుంటే లేవలేను అల్లుడుగారూ. మీరు వెళ్ళి రండి. నేనిక్కణ్ణుంచే చూస్తాను."

వెళ్ళకుండా ఉండాల్సింది. అమ్మ మరీ మరీ చెబితే వెళ్ళాం. ఇసుకరాయి తేనెపట్టులా తొలుచుకుపోయిన గోడలు, ఎర్రటి బెరడు ఒలుచుకునే మడ్రోనా చెట్లు, అన్నీ చూశాను. ఏదీ మనసుకి పట్టలేదు. చెట్ల సందులోంచి చూసినప్పుడల్లా వెనక డెక్కు మీద నీలం శాలువా కనపడుతూనే ఉంది. దానికి తోడు జూన్ నెల. ఇక్కడ జూన్‌లో పెద్ద ఆటు, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గడం, పట్టపగలే వస్తుంది. మేం తిరిగొచ్చేసరికి నీళ్ళు వెనక్కిపోయి దోనె రాళ్ళ మీద ఉంది. రాళ్ళ నిండా కత్తిలాంటి గుల్లలు. గాలి పడవని వాటి మీద ఈడిస్తే చిరుగుతుంది. ముగ్గురం మోటారు విప్పి, దోనెని తలకెత్తుకుని నీళ్ళ దాకా మోశాం. పడవ చేరేసరికి అమ్మ అన్నం వండి, చారు పెట్టి, మా కోసం తిన్నె వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న పక్క పడవ నుంచి ఒకావిడ తెడ్లు వేసుకుంటూ వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి, తెల్లటి పొట్టి జుట్టు. నిన్న జరిగిందంతా చూసిందట. "మీ అమ్మగారు నాతో వస్తారా?" అంది. ఆవిడ దోనె పాత ఫైబర్‌గ్లాసుది. ముక్కు మొండిగా, పలకగా ఉంది. కింద ఒకటే అడుగుభాగం కాదు, పక్కపక్కనే రెండు. మధ్యలో అడ్డంగా బల్ల. తిన్నె పక్కకి తెచ్చి రెండు చోట్ల తాడు బిగించి, అందులో తనే లేచి నిలబడి చూపించింది. కదల్లేదు.

అమ్మ చూసి, "ఇది మన పంటులా ఉందిరా" అంది. అడుగు పెట్టింది, రెండో అడుగూ పెట్టింది, బల్ల మీద కూర్చుంది. అంతే. లైఫ్ జాకెట్ బకిల్ నేను పెట్టబోతుంటే నాకు వచ్చులే అని తనే పెట్టుకుంది.

నేను ముందు కూర్చున్నాను. ఆ పెద్దావిడ ఒడ్డుకి వీపు పెట్టి, అమ్మ వైపు తిరిగి తెడ్లు లాగుతోంది. వెళ్ళేవైపు చూడకుండా ఎలా వేస్తుందో అడగమంది అమ్మ. మన దగ్గర గెడ వేసేవాడైనా, తెడ్డు వేసేవాడైనా ముందుకే చూస్తాడు కదా. అడిగాను. ఇలా కూర్చుంటే చేతులతోపాటు కాళ్ళూ నడుమూ పనిచేస్తాయని, వదిలి వచ్చిన వైపు ఒక చెట్టుని గురి పెట్టుకుంటే దారి తప్పదని చెప్పింది. గాలి పడవని ఇలా లాగలేమట. తెడ్లు పొట్టివి, పడవ నీటిపైన తేలుతుంది కాబట్టి గాలి ఎటు తోస్తే అటు పోతుంది. తన దోనె బరువే, క్రేను లేకుండా పైకి ఎక్కించలేనని, ఆ క్రేనుకి పెట్టిన డబ్బు ఇంకెందులోనూ పెట్టలేదని చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట భర్త తుంటి ఎముక మార్పించుకున్నాడట. ఆయన ఎక్కగలిగే దోనె ఏదో ముందు వెతికి, దాన్ని మోయగలిగేలా పెద్ద పడవని తర్వాత సరిచేసుకున్నారు. ఆయన లేరిప్పుడు. దోనె ఉంది.

ఆ మాట అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. ముందుకి వంగి, తెడ్డు పట్టుకున్న ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది.

గులకరాళ్ళు గరగరమన్నాయి. అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని చీలమండల లోతు నీళ్ళలోకి దిగి, అబ్బా చలి అని నవ్వి, ఒడ్డెక్కింది. దీవి అవతలి వైపున్న షాలో బే దాకా నడవలేదు. అక్కడే ఒక దుంగ మీద కూర్చుని రెండు గంటలు సముద్రం చూసింది. ఆ పెద్దావిడకి డబ్బా నిండా పులిహోర ఇచ్చాం.

తర్వాత స్టూవర్ట్ దీవికీ, ఫ్రైడే హార్బర్‌కీ వెళ్ళాం. ఫ్రైడే హార్బర్‌లో రేవుకే కట్టారు కాబట్టి దోనెతో పనిపడలేదు. అక్కడ రాత్రికి పడవ కట్టినందుకు తీసుకున్న డబ్బులతో మా ఊళ్ళో నెల అద్దె కట్టచ్చు. స్టూవర్ట్‌లో అమ్మ మళ్ళీ పడవలోనే ఉండిపోయింది.

నేను హైదరాబాద్ వచ్చిన మూడు వారాలకి బావ ఫోన్ చేశాడు. అలాంటి రెండు అడుగుభాగాలున్న పాత ఫైబర్ దోనె ఒకటి అమ్మకానికి దొరికిందట. అడ్డదూలం కప్పీ ఆ బరువు ఆపుతుందో లేదో చూపించుకోవాలి, తాడు ఊగకుండా రెండు పక్కలా లాగి పట్టుకునే ఏర్పాటు చేస్తే అక్క కింద నుంచోనక్కర్లేదు అని లెక్కలు చెబుతున్నాడు. అమ్మ పక్కనే ఉంది. ఫోన్ అందుకుని, "మధ్యలో బల్ల ఉందా అల్లుడుగారూ?" అని అడిగింది.

ఉందన్నాడు.

"అయితే తీసుకోండి. వచ్చే వేసవికి వస్తాను."