శనివారం, అయిదింటి క్లాసు

మధ్యాహ్నం నుంచీ ముసురు పట్టింది. నాలుగున్నరకే మావాడు కూచిపూడి డ్యాన్స్ క్లాసుకని లాల్చీ పైజామా వేసుకుని, నడుముకు నా పాత చున్నీ బిగించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వాన తగ్గాక వెళ్దాం నాన్నా అంటే వినలేదు. "లేటైతే నమస్కారం అయిపోతుందమ్మా" అన్నాడు. భూమికి దణ్ణం పెట్టనిదే అడుగు వేయకూడదని వాళ్ల మేడమ్ నియమం. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఓ పక్కన ఒక్కళ్లే నమస్కారం చేసుకుని వరసలో కలవాలి. మావాడికి అది ఇష్టం ఉండదు. ఇరవై ఇద్దరు ఆడపిల్లల మధ్య తనొక్కడే మగపిల్లాడు. అసలే అందరూ తననే చూస్తారని వాడి బాధ.

రెయిన్‌కోటు తొడిగి స్కూటీ మీద సత్యనారాయణపురం తీసుకెళ్లాను. సమయానికే చేరాం. వాడు లోపలికి పరిగెత్తాడు. నేను వరండాలో మిగతా తల్లుల పక్కన కూర్చున్నాను. ఈ వారం కొత్తగా చేరిన పాప వాళ్లమ్మ నన్ను పలకరించింది. మీ పాప ఏ వరసలో ఉందండీ అని అడిగింది. పాప కాదండీ బాబు అని చూపించాను. "అయ్యో, మగపిల్లాడికి కరాటేనో క్రికెట్టో అయితే బావుండేది కదండీ" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది, నాకు తెలుసు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాడే అడిగి చేరాడండీ అని మాత్రం చెప్పాను.

నిజంగానే వాడే అడిగాడు. వాడికి ఆరేళ్లప్పుడు తుమ్మలపల్లి కళాక్షేత్రంలో బంధువుల అమ్మాయి కార్యక్రమం ఉంటే వెళ్లాం. చివర్లో తరంగం చేశారు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆ అమ్మాయి వేదిక అంతా కదులుతుంటే వీడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చోలేదు. మర్నాడు పొద్దున వంటింట్లో చూస్తే, అన్నం తినే స్టీలు కంచం నేల మీద పెట్టి దాని అంచు మీద ఎక్కడానికి చూస్తున్నాడు. ఆ కంచం ఒక పక్క వంగిపోయింది. ఇప్పటికీ వాడు అందులోనే తింటాడు.

అప్పుడు ఇంటికి దగ్గరగా ఉందని ఒక డ్యాన్స్ స్కూల్లో చేర్చాం. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వాళ్లకు మగపిల్లాడు దొరికాడు, అంతే. ఏ ప్రోగ్రామ్ అయినా వీడు కృష్ణుడే. ఏడాదిలో అయిదు ప్రోగ్రాములు, అయిదుసార్లూ నెమలిపింఛం, పిల్లనగ్రోవి. మధ్యలో నిలబెట్టి చుట్టూ ఆడపిల్లల చేత ఆడించేవారు. "నువ్వు నవ్వుతూ నిలబడితే చాలు నాన్నా" అనేవారు. డ్రెస్సు అద్దె ఎనిమిది వందలు, మేకప్పు అయిదు వందలు, ఫోటోలకు వేరే. నేను ఆ ఫోటోలు చూసి మురిసిపోయాను. అందరికీ పంపించాను. ఏడాది తిరిగాక ఒకరోజు వాడే అడిగాడు, "అమ్మా, నాకు డ్యాన్స్ ఎప్పుడు నేర్పిస్తారు?" అని. ఆ ప్రశ్న ఏడేళ్ల పిల్లాడు అడిగేదాకా నాకెందుకు తట్టలేదో! వాడి ఏడాది కాలం అలా పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఈ మేడమ్ దగ్గర చేర్చినప్పుడు ఆవిడ ముందే చెప్పేశారు, రెండేళ్లపాటు స్టేజీ గురించి అడగొద్దని. ఎనిమిది నెలలు అడుగులే. అరమండిలో కూర్చుని, మోకాళ్లు పక్కలకు తిప్పి, వీపు నిటారుగా పెట్టి, చెక్క మీద కర్ర దెబ్బకు సరిగ్గా పాదం పడాలి. మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా వేసేటప్పుడు, బాగానే వేస్తాడు. వేగం పెరిగి రెండో కాలానికొచ్చేసరికి మోకాళ్లు లేచిపోతాయి. మూడో కాలంలో చేతులు, కాళ్లు దేని దారి దానిదే. మొదటి నెలంతా రాత్రిళ్లు కాళ్లనొప్పులని ఏడిస్తే కొబ్బరినూనె రాసేదాన్ని. అయినా క్లాసు మానేస్తానని ఒక్కసారి కూడా అనలేదు. కింది ఫ్లాటువాళ్లు పొద్దున్నే చప్పుడు అవుతోందన్నారని, హాల్లో పాత బొంత పరిచి దాని మీద సాధన చేయిస్తున్నాను. బొంత మీద అడుగు చప్పుడు వినిపించట్లేదని వాడి గొడవ. వినిపించకపోతే సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుందంటాడు. అదీ నిజమే.

ఇవాళ పెద్ద పిల్లలకు, సత్యభామ కథ ఆడే భామాకలాపంలో భామ ప్రవేశం మొదలుపెట్టారు. చిన్నవాళ్లను గోడవారగా కూర్చోబెట్టి చూడమన్నారు. వాన హోరుకు సరిగ్గా వినపడక నేను కిటికీ దగ్గరకు జరిగాను. మేడమ్ పిల్లలకు చెబుతున్నారు: ముందు ఇద్దరు తెర పట్టుకుంటారు, సత్యభామ తెర వెనకాల ఉండి తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది, నాతో పోటీకి వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నట్టు. తర్వాత కూచిపూడి ఊరి గురించి చెప్పారు. మన విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళితే వచ్చే ఊరు అన్నారు. ఆ ఊళ్లో ఒకప్పుడు ఆడవాళ్లు గజ్జె కట్టలేదని, సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టారని చెప్పారు. అక్కడ ఈ నాట్యం ఆడే భాగవతుల ఇళ్లల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం వేయాలని, భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని చెబుతారట. వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామగా వస్తే, మగవాడంటే ఎవరూ నమ్మేవారు కాదట.

మావాడు చెయ్యెత్తాడు. "మేడమ్, అయితే నేను కూడా భామ వేయొచ్చా?"

పిల్లలు గొల్లున నవ్వారు. వరండాలో ఒకళ్లిద్దరు తల్లులు కూడా నవ్వారు. నా గుండె ఝల్లుమంది. గర్వపడ్డానని రాయాలని ఉంది కానీ, నాకు ముందు కలిగింది భయమే. పోయినవారమే స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌లో తెలిసింది నాకు, వీడు ఫ్రెండ్స్‌తో శనివారం ట్యూషన్ ఉందని చెబుతున్నాడని. డ్యాన్స్ అని తెలిస్తే ఏమంటారో వాడికి తెలుసు. తొమ్మిదేళ్ల పిల్లాడు తనకు బాగా ఇష్టమైనదాన్ని దాచుకుని తిరుగుతున్నాడు. ఇప్పుడు భామ అంటే ఇంకేం మాటలు పడాలో!

మేడమ్ నవ్వలేదు. నవ్వేవాళ్లను కసరలేదు కూడా. "వేయొచ్చు. కానీ భామ నడక రావాలంటే ముందు నీ మూడో కాలం కుదరాలి. లే, వేసి చూపించు" అన్నారు. లేచి వేశాడు. మధ్యలో ఒకచోట తప్పాడు. మళ్లీ వేయించారు. మూడోసారికి తప్పకుండా వేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆవిడ కర్ర పక్కన పెట్టి తర్వాతి పాపను పిలిచారు. వాడు వచ్చి గోడవారగా కూర్చున్నాడు, ముఖం వెలిగిపోతూ.

దారిలో నేనేమీ మాట్లాడలేదు, ఏం చెప్పాలో తెలియక. వాడే వెనక నుంచి అడిగాడు, "ఆడవాళ్లను ఎందుకు ఆడనివ్వలేదమ్మా?" అని. అప్పట్లో ఆడవాళ్లు ఆడితే తప్పనేవాళ్లు నాన్నా అన్నాను. "ఇప్పుడు నన్ను అంటున్నట్టా?" అన్నాడు. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. రెయిన్‌కోటు కప్పుకుని ఉన్నందుకు వాడికి నా ముఖం కనిపించలేదు. అవునన్నాను.

ఇంటికొచ్చి నాన్నమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాడు. అత్తయ్యగారిది మొవ్వ దగ్గర పల్లెటూరు. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతి ఆవిడ ఇవాళ చెప్పారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో భాగవతులు రాత్రంతా ఆడితే, పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో చాప మీద కూర్చుని చూశారట. కాగడా మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని మంట లేచేదట. తెల్లారి చెరువుగట్టున ఒకాయన పళ్లు తోముకుంటుంటే, రాత్రి భామ ఈయనే అని ఎవరో చూపిస్తే నమ్మలేదట. "మా అమ్మ ఆయనకు పెరుగన్నం పెట్టి పంపిందిరా" అన్నారు. తర్వాత లేచి వెళ్లి, బీరువాలోంచి తన పాత సవరం తీసుకొచ్చి వాడి చేతిలో పెట్టారు.

మా ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చారు. పదో తరగతికొస్తే ఇవన్నీ ఆపేయాలని అనే మనిషి. ఫోన్‌లో సత్యనారాయణ శర్మగారి వీడియో పెట్టి ఇస్తే నిలబడే చూశారు, బూట్లు కూడా విప్పలేదు. ఈయన నిజంగా మగాయనేనా అని రెండుసార్లు అడిగారు.

భోజనాలయ్యాక మావాడు తెర కావాలన్నాడు. ఇద్దరు పట్టుకోవాలన్నాడు. ఆయన పంచె తెచ్చి ఒక కొస నేను పట్టుకున్నాను. అత్తయ్యగారు మోకాళ్లనొప్పులతో నిలబడలేరు. ఒక నిమిషం ఆగి ఆయన లేచి వచ్చి రెండో కొస పట్టుకున్నారు. వాడికి సరిపోయేలా తెర కిందికి దించమన్నాడు, దించారు. సవరం పంచె మీదుగా వచ్చి ఇవతల పడింది. కుర్చీలోంచి అత్తయ్యగారు, "ఎవరమ్మా ఆ జడ?" అని గట్టిగా అడిగారు.

పాట ఇంకా రాదు కాబట్టి తా ధి గి ణ తోం అనుకుంటూనే బయటికొచ్చాడు. బొంత పరచలేదు. గచ్చు మీద అడుగులు చక్కగా వినిపించాయి. తొమ్మిదిన్నర దాటింది, కింది ఫ్లాటువాళ్లకు పొద్దున వెళ్లి ఓ మాట చెప్పాలి. సోమవారం స్కూల్లో ఏం చెబుతావని నేను అడగలేదు. రేపటి దోసెలకు నానబెట్టిన పప్పు, బియ్యం ఇంకా రుబ్బలేదు.