మధ్య పేరుతో స్వరకర్తను గుర్తుపట్టడం: నా అనుభవం

ఇంగ్లండ్‌లో మేముండే ఊరి సంగీత సంఘం నిన్న రాత్రి నిర్వహించిన క్విజ్‌లో, పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తల మధ్య పేర్లు మాత్రమే ఇచ్చి వారెవరో రాయమన్న విభాగం ఒకటి ఉంది. దానికి నేను ఎలా సిద్ధపడ్డానో, అక్కడ నాకు ఏ అన్యాయం జరిగిందో మనసులోని వేడి చల్లారకముందే రాస్తున్నాను.

అమడేయస్ అంటే మొజార్ట్ అని, సెబాస్టియన్ అంటే బాఖ్ అని ఎవరైనా చెబుతారు. అయితే బాఖ్ తండ్రి యోహాన్ ఆంబ్రోసియస్, అన్నలు యోహాన్ క్రిస్టొఫ్, యోహాన్ యాకోబ్ కాబట్టి, ఆ ఇంట్లో మొదటి పేరుతో మనిషిని గుర్తించడం కుదరదు; రెండో పేరే అసలు ఆనవాలు. ఫిలిప్ అన్న పేరు టెలెమన్‌కూ ఉంది, బాఖ్‌కు బతికిన కొడుకుల్లో రెండోవాడైన కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్‌కూ ఉంది. ఆ పిల్లవాడికి జ్ఞానపిత (గాడ్‌ఫాదర్) టెలెమనే.

రష్యన్ల మధ్య పేరు తండ్రి పేరు నుంచి వస్తుంది కనుక తండ్రి తెలిస్తే చాలు: ఇల్యా కొడుకు చైకోవ్‌స్కీ ఇల్యిచ్, ఆండ్రేయ్ కొడుకు రిమ్‌స్కీ కోర్సకోవ్ ఆండ్రేయెవిచ్. బొరొదిన్ ఒక్కడి విషయంలో ఈ సూత్రం పనిచేయదు. జార్జియా రాకుమారుడికి వివాహేతర సంతానంగా పుట్టిన అతన్ని పొర్ఫిరీ అనే సేవకుడి కొడుకుగా నమోదు చేశారు; అందుకే జీవితాంతం పొర్ఫిర్యెవిచ్‌గానే మిగిలాడు.

ఇంతకన్నా జాగ్రత్తగా చూడవలసినది, లోకం పిలిచే పేరే మధ్య పేరుగా ఉన్నవారిని. హేడన్ పూర్తి పేరు ఫ్రాంజ్ యోసెఫ్, వాగ్నర్‌ది విల్హెల్మ్ రిచర్డ్, డెబూసీది అషీల్ క్లోడ్, బ్రిటన్‌ది ఎడ్వర్డ్ బెంజమిన్. మెండెల్సన్ యాకోబ్ లుడ్విగ్ ఫెలిక్స్. ప్రశ్నపత్రంలో ‘లుడ్విగ్’ కనిపించగానే మా బల్ల చుట్టూ ఉన్నవారంతా బీథోవెన్ పేరు అందుకుంటే నేను ఒప్పుకోక మెండెల్సన్ అని రాయించాను, మార్కు వచ్చింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

తరువాతి ప్రశ్న ‘వాన్’. దానికి బీథోవెన్ అన్నది నిర్వాహకుల జవాబు. ఇది మధ్య పేరు కాదని మా జవాబు పత్రం మీదే రాశాను. మార్కులు చదివేటప్పుడు నిర్వాహకుడు దాన్ని అందరి ముందూ చదివి, “మీ దేశంలో పేర్ల పద్ధతి వేరు కదా, మీకిది అర్థం కాకపోవచ్చు” అన్నాడు. కొందరు నవ్వారు. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు చివర రాసుకునే తెలుగువాడిని నేను. ఈ దేశపు ప్రతి దరఖాస్తులోనూ ఏ గడిలో ఏ పేరు రాయాలో ఆలోచించి రాసినవాడిని. పేరులో ఏ ముక్క ఏమిటో మాకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను.

బీథోవెన్‌కు 1770 డిసెంబరు 17న బాన్ నగరంలో జ్ఞానస్నానం జరిగినప్పుడు పెట్టిన పేరు ఒక్కటే, లుడ్విగ్. తమ్ముళ్లకు కాస్పర్ ఆంటన్ కార్ల్, నికొలాస్ యోహాన్ అని వరుస పేర్లున్నా ఆయనకు లేవు. ‘వాన్’ అనేది ఫ్లాండర్స్ ప్రాంతం నుంచి వచ్చిన తాతగారి ఇంటిపేరులోని భాగం. జర్మన్ ‘ఫాన్’ లాగా అది ప్రభువంశానికి గుర్తు కూడా కాదు. ఈ తేడా వల్ల ఆయన ఎంత బాధపడ్డాడో తెలిసినవారు దాన్ని ఆటవస్తువుగా చూడరు. 1815లో తమ్ముడు కాస్పర్ చనిపోయాక పసివాడైన కార్ల్ సంరక్షణ కోసం మరదలితో వ్యాజ్యం నడిచింది. అది వియన్నాలో ప్రభువుల వ్యాజ్యాలు విచారించే న్యాయస్థానంలో సాగుతుండగా, 1818 డిసెంబరులో ఆయన ప్రభువంశీయుడు కాదని తేలి, వ్యాజ్యాన్ని సామాన్యుల న్యాయస్థానానికి పంపేశారు. అక్కడ ఓడి, పైకోర్టుకు వెళ్లి 1820లో గెలిచేదాకా ఆయనకు శాంతి లేదు.

ఇదంతా నిలబడి చెప్పాను. తమ జవాబు పత్రంలో ఉన్నదే తుది మాట అన్నారు. అదే పత్రంలో ‘వాన్’ (van) తరువాత ‘వాన్ విలియమ్స్’ (Vaughan Williams) ప్రశ్న కూడా ఉంది. రాల్ఫ్ వాన్ విలియమ్స్‌కు తండ్రి నుంచి వచ్చిన జంట ఇంటిపేరులోని మొదటి సగాన్ని వాళ్లు మధ్య పేరుగా లెక్కవేశారు. సొంత దేశపు స్వరకర్త పేరు కూడా సరిచూసుకోనివారు ఇతరుల పద్ధతుల గురించి మాట్లాడకూడదు.

ఇలాంటి పోటీకి వెళ్లేవారు ఇంటిపేరు ముందుండే ముక్కలను మధ్య పేర్లుగా లెక్కిస్తారా లేదా అని ముందే నిర్వాహకులను అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. హోల్‌స్ట్ విషయం మరీ ముఖ్యం: ఆయన ‘ఫాన్’ తో పుట్టి, 1918లో దాన్ని తన పేరు నుంచి తొలగించుకున్నాడు. ఆయన మధ్య పేరు థియొడోర్.

ఈ ఉదయం సంఘం కార్యదర్శికి ఉత్తరం పంపాను. నాకు మార్కు కలపమని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలనూ అందరికీ రద్దు చేయమనీ, నిర్వాహకుడి మాటకు వచ్చే సమావేశంలో క్షమాపణ చెప్పించమనీ అడిగాను.